జంతికల డబ్బాలో తిరిగిన ల్యాబ్

కశింకోట నుంచి వచ్చిన షేర్ ఆటో మా కాలేజీ గేటు ముందు ఆగింది. వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ దిగి, ఒళ్ళో పెట్టుకున్న స్టీలు డబ్బాని నాకు అందించబోయారు.

"కాస్త జాగ్రత్తండి మాస్టారూ. లోపల ల్యాబ్ ఉంది."

నేను ఫోన్లో ఏదో మెసేజ్‌కి జవాబు కొడుతున్నాను. ఒక చెయ్యి చాచాను. ఆవిడ ఇవ్వలేదు.

"రెండు చేతులూ," అన్నారు.

ఫోన్ జేబులో పెట్టక తప్పలేదు. అది జంతికల డబ్బా. మూత మీద ఎవరి పెళ్ళికో కొట్టించిన పేర్లు అరిగిపోయి ఉన్నాయి. లోపల పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టిన కిట్లు. అరచేతి కంటే కొంచెం పెద్దవి. ఒక మూల చిన్న ప్రాసెసర్, దాని కింద వరసగా ఎర్ర లైట్లు, పక్కన ఒక నల్ల బటన్. బటన్ ఒక్కసారి నొక్కితే ప్రోగ్రాం ఒక్క అడుగు ముందుకెళ్తుంది. ఆ అడుగులో లోపల ఏ అంకె మారిందో లైట్లు చెప్తాయి.

కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అనే సబ్జెక్టుని నేను చదువుకున్నదీ, ఉద్యోగంలో చేరాక చెప్తున్నదీ నల్లబల్ల మీదే. డబ్బాలు గియ్యడం, బాణాలు కలపడం, డబ్బా లోపల పేరు రాయడం. హైదరాబాద్‌లో మా సార్ని "ఆ డబ్బాలో నిజంగా ఏముంటుంది సార్?" అని అడిగితే "పరీక్షలో అడగరు" అన్నారు. అనకాపల్లి వచ్చాక నన్నూ ఒకడు అదే అడిగాడు. నాకు వాడి మీద కోపం వచ్చింది. నా దగ్గరా జవాబు లేదు కాబట్టి.

అందుకే ఆ డబ్బా తెరిచినప్పుడు జేబులో ఫోన్ మోగుతున్నా తియ్యలేదు. అది నాకు అరుదు.

ఆ పెద్దావిడే మేడం. కశింకోట వైపు ఒక కాలేజీలో ఏళ్ళ తరబడి ఈ సబ్జెక్టే చెప్తున్నారు. విశాఖలో ఎక్కడో పెద్ద కాలేజీ వాళ్ళు ల్యాబ్ మారుస్తూ పాత కిట్లు పక్కన పెడితే, ఆవిడ వెళ్ళి అడిగి తెచ్చుకున్నారు. తన కాలేజీ ఒక్కదానికే వాడుకుంటే వారంలో ఒక్క పూట పని, మిగతా రోజులన్నీ బీరువాలో నిద్ర. అది ఆవిడకి నచ్చలేదు. చుట్టుపక్కల ఇదే సబ్జెక్టు చెప్పేవాళ్ళ నంబర్లు సంపాదించి ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. చాలామంది "చూద్దాం మేడం" అన్నారు. సరేనన్నది ఇద్దరమే. నేనూ, బుచ్చయ్యపేట దగ్గర కాలేజీలో చెప్పే ఇంకొకతనూ.

డబ్బా మూడు కాలేజీల మధ్య తిరగాలి. ఒక్కోచోట ఒక్కో వారం. ఒప్పంద పత్రాలూ అవీ ఏం లేవు. ఒక్కటే షరతు.

"మా వీధిలో ఎవరైనా గిన్నెలో కూర పంపితే, ఆ గిన్నె ఖాళీగా తిరిగెళ్ళదు బాబూ," అన్నారు మేడం. "ఇంట్లో ఏం లేకపోతే చిన్న బెల్లం ముక్కైనా ఏసి పంపుతాం. ఇదీ అంతే. డబ్బా మీ దగ్గరికి వచ్చినప్పుడు కిట్లతో ఒక కొత్త లెక్క చేయించండి. ఆ లెక్క కాగితం డబ్బాలో పెట్టి పంపండి. తర్వాతవాళ్ళు దాన్నీ చేయిస్తారు, ఇంకోటీ పెడతారు."

"కాగితాలెందుకు మేడం? ఒక గ్రూప్ పెడితే అందరికీ ఒకేసారి వెళ్ళిపోతుంది కదా."

"పెట్టండి, ఎవరొద్దన్నారు? డబ్బాలోనూ పెట్టండి."

గ్రూప్ నేనే పెట్టాను. అందులో ముగ్గురం. మేడం రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపేవారు. బుచ్చయ్యపేట అతను దానికి రెండు చేతులు జోడించేవాడు. అసలు సంగతులు ఫోన్ చేసి చెప్పుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

అతను నన్ను మొదటి ఫోన్లోనే బావా అన్నాడు. ఎవరికి ఎవరు బావో నాకు అర్థం కాలేదు. "మనకి చుట్టరికం ఏమైనా ఉందా?" అని అడిగాను.

"నీ సెల్లెల్ని ఇమ్మంటానేటని భయపడతన్నావా? నాకు పెళ్ళయిపోయింది. ఇద్దరు పిల్లలు. ధైర్యంగా ఉండు బావా," అన్నాడు.

వాళ్ళ కాలేజీలో ఆర్కిటెక్చర్ ల్యాబ్ అని తలుపు మీద రాసి ఉంటుంది. లోపల కంప్యూటర్లు ఉంటాయి. ప్రాసెసర్ లోపలికి తొంగిచూసే వస్తువు మాత్రం ఒక్కటీ లేదు. అక్కడికొచ్చేవాళ్ళు చాలామంది చెరుకూ వరీ పండించే ఇళ్ళ పిల్లలు. పంపుసెట్టు మోటారు విప్పి బిగించగలవాళ్ళు. వాళ్ళకి నల్లబల్ల మీద డబ్బాలు గీసి ఇదే ప్రాసెసర్ అని చెప్పడం తనకి సిగ్గుగా ఉంటుందని అతను ఒకసారి అన్నాడు.

అతని ప్రిన్సిపాల్ మొదట ఒప్పుకోలేదు. బయటి కాలేజీ వస్తువులు, బయటివాళ్ళు రాసిన లెక్కలు, రేపు ఎవరైనా అడిగితే? చివరికి ఒక మాటన్నాడట. ఈ సెమిస్టర్‌కి చేయించండి. ప్రాక్టికల్ పరీక్షకి యూనివర్సిటీ పంపే ఎక్స్‌టర్నల్ చూసి బాగుందంటే వచ్చే ఏడాది నుంచి ఇదే రెగ్యులర్ ల్యాబ్. ఆయన కాదంటే డబ్బా మళ్ళీ ఈ గేటు లోపలికి రాకూడదు.

"మీకేం బావా, టౌన్లో ఉన్నారు, ఏదో ఒకటి దొరుకుతాది," అన్నాడు అతను. "మా పిల్లలకి ఈ డబ్బాయే. ఇది పోతే మరింకేం లేదు."

ఆ సెమిస్టర్ మొదటి సగం, ఉద్యోగంలో చేరాక నేను సంతోషంగా ఉన్న రోజులు. డబ్బా వచ్చిన వారం మా క్లాసులో గోల వేరేగా ఉండేది. రెండు అంకెలు కూడితే చేతిలో మిగిలిన ఒకటి లైట్లలో ఎలా పక్కకి జరుగుతుందో చూసి ఒకడు "సార్, ఇది ఒకటో తరగతి కూడికే కదా!" అని కేకేశాడు. నిజమే. అది తెలియడానికి వాడికి ఇంజనీరింగ్ దాకా రావాల్సి వచ్చింది. మేడం పెట్టిన కాగితాలు చక్కటి చేతిరాతతో ఉండేవి. నావి ప్రింటు. బుచ్చయ్యపేట నుంచి వచ్చే కాగితాల మీద ఒక్కోసారి టీ మరక ఉండేది, కానీ లెక్కలు గట్టివి. ఒకరి కాగితంలో తప్పుంటే ఇంకొకరం పక్కన పెన్సిల్‌తో దిద్దేవాళ్ళం. అలా దిద్దిన ఒక లెక్కని మా కుర్రాళ్ళు చేస్తుంటే, కనిపించని క్లాసులు రెండు మాతోపాటు కూర్చున్నట్టుండేది.

అప్పుడే వచ్చింది కాష్ కాగితం.

కాష్ అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న మెమరీ. మేడం దాన్ని పోపుల డబ్బా అనేవారు. ఆవాలు బస్తాలో ఉంటే ప్రతిసారీ లేచి వెళ్ళి తెచ్చుకోవాలి, పోపుల డబ్బాలో కొన్ని ఉంటే పొయ్యి దగ్గర నుంచి కదలక్కర్లేదు. ఇది ఉన్న కంప్యూటర్లో ఒక పెద్ద అంకెల పట్టికని అడ్డవరసల్లో కూడితే త్వరగా అవుతుంది, నిలువు వరసల్లో కూడితే ఆలస్యమవుతుంది. ఎందుకంటే ఒక అంకె తెస్తే దాని పక్కవి కూడా వెంట వచ్చేస్తాయి. అడ్డంగా వెళ్తే వాటితో పని పడుతుంది, నిలువుగా వెళ్తే తెచ్చినవి వృథా. మంచి లెక్క. బుచ్చయ్యపేట అతను అది రాసి, కింద రీడింగుల పట్టిక కూడా నింపి పంపాడు. నిలువుగా కూడినప్పుడు మూడింతల టైం.

క్లాసులో చేయించే ముందు కిట్ మీద నేను చేసి చూశాను. రెండు టైములూ ఒకటే. మళ్ళీ చేశాను. కిట్ మార్చాను. ఒకటే.

తర్వాత గాని బుర్రకి ఎక్కలేదు. ఈ కిట్లలో ఉన్నది చిన్న ప్రాసెసర్. దానికి కాష్ లేదు. పోపుల డబ్బా లేని వంటిల్లు. అడ్డంగా వెళ్ళినా నిలువుగా వెళ్ళినా ప్రతి గింజకీ బస్తా దగ్గరికి నడవాల్సిందే.

వెంటనే ఫోన్ చేశాను. గొంతు పెద్దదే అయ్యుంటుంది, స్టాఫ్ రూంలో అందరూ తిరిగి చూశారు.

"అరే, ఈ రీడింగులు ఎక్కడివి బావా? కిట్ మీద చేశావా అసలు?"



"లేదు బావా. అవి నా ఎంటెక్‌లో కంప్యూటర్ మీద సేసినవి."

"మరి కిట్‌లో కాష్ ఉందో లేదో చూసుకోవద్దా?"

"ఆ వారం ఇంటర్నల్స్ పేపర్లు దిద్దుడు, ఇన్విజిలేషన్, మా పెద్దోడికి జొరం. కొత్త లెక్క సెయ్యడానికి కుదర్లేదు. మేడం డబ్బా, ఖాళీగా ఎలా పంపుతాను సెప్పు? పాత నోట్సులో ఉన్నదేదో తీసి రాసి ఎట్టేసేను. పని జరుగుతాదనుకున్నాను."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. "సరేలే, మారుద్దాం," అన్నాను.

మార్చాం కూడా. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ కొత్త కాగితం రాశాం. అదే లెక్క కిట్ మీద చెయ్యండి, తర్వాత ల్యాబ్ కంప్యూటర్ మీద చెయ్యండి, కిట్ మీద రెండు టైములూ ఎందుకు సమానంగా వచ్చాయో, కంప్యూటర్ మీద ఎందుకు రాలేదో చెప్పండి. తప్పులోంచి పుట్టిన ఆ లెక్క, మేం మొత్తం పెట్టిన వాటన్నిటి కంటే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. రీడింగుల పట్టిక ఖాళీగా వదిలేశాం. గ్రూప్‌లో పెట్టాను. మేడం పువ్వు పంపారు. అతను చేతులు జోడించాడు.

డబ్బా మేడం దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కొత్త కాగితం పైన పెట్టి పాతది తీసి చింపబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి. అదెందుకు చింపడం?"

"తప్పు కదా మేడం."

"తప్పేననుకోండి. ఆ అబ్బాయి అంత ఇబ్బందిలోనూ పెట్టి పంపేడు. రేపు డబ్బా తెరిచి తన కాగితం లేకపోతే ఏమనుకుంటాడు? మనం పారేసేం అనుకోడూ?"

"తనకి తెలుసు మేడం. తనే ఒప్పుకున్నాడు."

"తెలియడం వేరు బాబూ, చూడ్డం వేరు. అడుగున ఉంచండి. పైన కొత్తది ఉందిగా, అదే చేయిస్తారు."

నేను వాదించాను. చాలాసేపు వాదించాను. ఆవిడ మజ్జిగ ఇచ్చారు, తాగుతూ కూడా వాదించాను. చివరికి పాత కాగితం మీద పెద్దగా ఒక గీత కొట్టనివ్వమన్నాను. దానికీ ఒప్పుకోలేదు. ఎవరైనా పెట్టిన పిండివంట బాలేకపోయినా వాళ్ళ ముందు చెత్తబుట్టలో వెయ్యం కదా, అన్నారు. కాగితం అడుగునే ఉండిపోయింది, గీత లేకుండా.

మా ముగ్గురికీ తట్టనిది ఒకటుంది. పిల్లలకి మా గ్రూప్‌తో పనే లేదు. వాళ్ళకి వాళ్ళ గ్రూపులున్నాయి. మూడు కాలేజీలవాళ్ళూ ఇంటర్లో కలిసి చదివినవాళ్ళో, ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళో. డబ్బా తెరిచిన మొదటి రోజే ప్రతి కాగితానికీ ఫొటోలు తీసి పంపేసుకుంటున్నారు. మేం వారానికొకసారి ఆటోలో చేరవేస్తున్న దాన్ని వాళ్ళు నిమిషంలో చేరవేశారు. వాళ్ళు మంచిదనుకుని పంపుకున్నది ఏ కాగితం? ఒక దాంట్లో ప్రశ్న ఉంది, పట్టిక ఖాళీ. ఇంకో దాంట్లో పట్టిక నిండుగా ఉంది. రికార్డు రాయాల్సినవాడికి ఏది కావాలో చెప్పక్కర్లేదు. నేనూ రికార్డులు అలా రాసినవాణ్ణే. కట్టలకి కట్టలు సంతకం పెట్టేటప్పుడు ఏ మాస్టారూ పట్టికలు చదవడు.

బుచ్చయ్యపేట వైపు ప్రాక్టికల్ పరీక్ష రోజు డబ్బా మా కాలేజీలో ఉంది. పొద్దున్నే ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను. అతను గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"ఏటి బావా, పెళ్ళికొడుకులా వచ్చేవు?"

"నువ్వే పెళ్ళికొడుకులా ఉన్నావు."

"ఒక విధంగా పెళ్ళిసూపులే. ఆయనికి నచ్చితే సాలు."

ఎక్స్‌టర్నల్ అంత కఠినంగా కనిపించలేదు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కిట్‌ని ఎత్తి చూశారు. బటన్ నొక్కారు. లైట్ మారింది. మళ్ళీ నొక్కారు. నవ్వారు. "ఇలాంటివి నేను మళ్ళీ చూస్తాననుకోలేదు. అందరూ సాఫ్ట్‌వేర్ మీదే కానిచ్చేస్తున్నారు," అన్నారు. మా బుచ్చయ్యపేట వాడు నా మోచేతిని గట్టిగా నొక్కాడు. నేను ల్యాబ్ గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది, లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

సగం మంది అయ్యాక ఒకమ్మాయి వంతు వచ్చింది. ఆయన రికార్డు తిరగేసి కాష్ లెక్క దగ్గర ఆగారు.

"ఇది చేసి చూపించమ్మా."

ఆ అమ్మాయి తడబడకుండా కిట్‌ని కంప్యూటర్‌కి తగిలించింది, ప్రోగ్రాం ఎక్కించింది, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నడిపింది. చెయ్యి తిరిగినట్టే ఉంది. తెర మీద రెండు టైములూ వచ్చాయి. సమానం.

"రికార్డులో మూడింతలు అని రాశావు కదా?"

ఆ అమ్మాయి రికార్డులోని పట్టిక వైపు చూసింది.

"ఈ రీడింగ్ ఎక్కడిది?"

ఆయన పక్కనున్న రికార్డు తీశారు. దాని కిందది తీశారు. అన్నిట్లోనూ ఒకే అంకెలు, చుక్క తర్వాత అంకెలతో సహా. మా వాడి ఎంటెక్ కంప్యూటర్ అంకెలు.

ఆయన కేకలేస్తే బాగుండేది. కేకలకి కేకలతో జవాబు చెప్పడం నాకొచ్చు. ఆయన రికార్డులన్నీ సర్ది పెట్టి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

టీ టైంలో నేనే వెళ్ళాను. ఫోన్ తీసి కొత్త కాగితం తెరిచి ఆయన ముందు పెట్టాను. తప్పు ఎలా జరిగిందో, ఎలా దిద్దామో గబగబా చెప్పాను. ఇది చూడండి సార్, సమానంగా ఎందుకు వస్తాయి అనే కదా అడిగాం, ఇందులో తేదీ కూడా ఉంది చూడండి అన్నాను. మా వాడు వెనకనుంచి చొక్కా లాగుతున్నాడు.

ఆయన చివరిదాకా చదివారు. "చాలా బాగుంది," అన్నారు. "ఇది మీ ఫోన్లో ఉంది. వాళ్ళ దగ్గర ఉన్నది ఏది?"

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను.

"సాఫ్ట్‌వేర్ మీద చేసి కాపీ కొట్టి ఉంటే నేనేం అనేవాణ్ణి కాను, అన్నిచోట్లా చూసేదే. మెషిన్‌ని ఎదురుగా పెట్టుకుని, అది చెప్పింది కాదని కాగితం చెప్పింది రాసుకున్నారు. అలాంటప్పుడు ఈ మెషిన్ ఎందుకండీ?"

ఆయన ఎవర్నీ ఫెయిల్ చెయ్యలేదు. మార్కులు బాగానే వేశారు. కానీ ప్రిన్సిపాల్ గదిలో ఇచ్చిన రిపోర్టులో, ల్యాబ్ యూనివర్సిటీ మాన్యువల్ ప్రకారం, కాలేజీ సొంత పరికరాల మీదే జరగాలని రాశారు. ప్రిన్సిపాల్‌కి అది చాలు.

డబ్బా సర్దుకుని బయటికొస్తుంటే ఆ అమ్మాయి వరండా చివర నిలబడి ఉంది. ఏడ్చిన మొహం.

"సార్, మా సార్ని ఏటీ అనకండి," అంది.

"ఎవరూ ఏం అనడం లేదమ్మా. నువ్వు బాగానే చేశావు. ముందు ఎప్పుడూ ఆ లెక్క చెయ్యలేదా?"

"సేసేను సార్. నాకు సమానంగానే వచ్చింది. రెండుసార్లు సేసేను. అబ్జర్వేషన్ బుక్కులో పెన్సిల్‌తో అదే రాసేను."

"మరి?"

"అందరికీ మూడింతలు వచ్చింది, నాకొక్కదానికే సమానంగా వచ్చింది. నేనే ఎక్కడో తప్పు సేసేననుకున్నాను. సెరిపేసి అందరిదీ రాసేను సార్."

అందరికీ రాలేదమ్మా, ఎవ్వరికీ రాలేదు అని చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. మేం మూడు కాలేజీల నుంచి ఇంత చేసింది ఒక్కరైనా యంత్రాన్ని సొంత కళ్ళతో చూసి నమ్మాలని. ఒకరు చూశారు. సరిగ్గానే చూశారు. మేం పంచిన కాగితమే ఆమె కళ్ళని కాదంది.

బస్టాండు దాకా మా వాడు నా పక్కనే నడిచాడు. దారిలో ఒక్క జోకూ వెయ్యలేదు. చివర్లో "ఆ వారం ఖాళీగా పంపేసి ఉంటే పోయేది బావా," అన్నాడు. బస్సు వచ్చింది. నాతో పాటు ఎక్కి, డబ్బా నా ఒళ్ళో పెట్టి దిగిపోయాడు.

మేడంకి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ మీద అరవాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. గీత కొట్టనివ్వండి అన్నాను కదా, చింపెయ్యనివ్వండి అన్నాను కదా. ఆవిడ అంతా విని, ఏం లేనప్పుడు ఏం పెట్టకుండా పంపినా పర్లేదని ఒక్కమాట చెప్పి ఉండాల్సింది, అన్నారు. తర్వాత ఆ అమ్మాయి గురించి అడిగారు. రెండుసార్లు చేసిందా? పెన్సిల్‌తో రాసిందా? అని మళ్ళీ మళ్ళీ అడిగారు. నేను అనుకున్న మాటలు ఒక్కటీ అనలేదు.

ఆ ఏడాది చివర్లో మేడం ఉద్యోగం మానేశారు. మోకాళ్ళు సహకరించడం లేదన్నారు. కిట్లు మా కాలేజీకి ఇచ్చేశారు. "మీరే బాగా వాడతారు," అన్నారు. మా వాళ్ళు సంతోషంగా తీసుకుని, ప్రతి కిట్ మీదా తెల్ల రంగుతో నంబర్లు వేయించి, స్టాకులో ఎక్కించి, అద్దాల బీరువాలో పెట్టారు. తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించడానికి బాగుంటాయి. స్టాకులో ఎక్కిన వస్తువు గేటు దాటకూడదు. నేను అడిగాను, అర్జీ పెట్టాను, గొడవపడ్డాను. ల్యాబ్ ఇన్‌ఛార్జి, "ఒక్కటి పోయినా నా జీతంలోంచి పోతుంది, నువ్వు కడతావా?" అన్నాడు. కడతానన్నాను. నవ్వేసి తాళం జేబులో వేసుకున్నాడు.

మాకు కంప్యూటర్లున్నాయి, ఇంటర్నెట్ ఉంది, కిట్లు కూడా ఇప్పుడు మావే. ఏమీ లేని కాలేజీకి మళ్ళీ నల్లబల్లే మిగిలింది.

గ్రూప్ అలాగే ఉంది. పువ్వులు రావడం ఆగిపోయింది. మొన్న ఒకరోజు మధ్యాహ్నం మా వాడు ఫోన్ చేశాడు.

"బావా, కొత్త బ్యాచికి ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లు సెప్తన్నాను. డబ్బాలు గీసేను. ఎవడూ నమ్మట్లేదు. ఆ బీరువా తాళం ఒకపాలి తీయించగలవా?"

"తీయిస్తా. పంపడం కుదరదు."

"పంపొద్దు. ఫోన్లో సూపించు."

ఒక కిట్ తెచ్చి టేబుల్ మీద పెట్టి వీడియో కాల్ చేశాను. అవతల ఫోన్‌ని క్లాసు ముందు కుర్చీ మీద నిలబెట్టినట్టున్నారు. తెర నిండా పిల్లల మొహాలు, ఒకరి భుజం మీంచి ఒకరు. కిట్‌ని దగ్గరగా చూపించాను. ఇది ప్రాసెసర్, ఇవి లైట్లు అని చెప్పాను.

వెనక నుంచి ఎవరో అడిగారు. "సార్, ఆ బటన్ నొక్కితే ఏటవుద్ది?"

"చూడండి, నొక్కుతున్నా."

నొక్కాను. మూడో లైట్ వెలిగింది. తల ఎత్తి ఫోన్ చూస్తే అవతలి మొహాలు కదలడం లేదు. ఒకడి నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. సిగ్నల్. గొంతు మాత్రం వస్తోంది.

"బావా, ఇక్కడ బొమ్మ ఆగిపోయింది. వెలిగిందేటి?"

ఆగు, మళ్ళీ చేస్తాను అన్నాను. కట్ చేసి మళ్ళీ కలిపాను. మళ్ళీ అంతే. ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను, కిట్ వైరు అంత దూరం రాదు. తిట్టాను, ఎవర్నో నాకే తెలీదు. అవతల బెల్లు మోగుతోంది.

"పీరియడ్ అయిపోతంది బావా. వెలిగిందా లేదా, అది సెప్పు సాలు."

"వెలిగింది," అన్నాను. "మూడోది."

"మూడో లైటు వెలిగిందంట. రాసుకోండర్రా," అన్నాడు అతను క్లాసుతో. తర్వాత పుస్తకాలు తెరుచుకుంటున్న చప్పుడు వినిపించింది.